అర్జీలో పోయిన నాన్న

ఏప్రిల్ 6

అత్తా,

ముందు కూర్చో. టైపు మిషను మీద గుడ్డ కప్పు. జిరాక్స్ ఆయన తొంగి చూస్తుంటే ఆయన్ని కూడా కూర్చోమను. ఎలాగూ చదవడం అయ్యాక ఆయనకి చెప్పకుండా నీకు పొద్దు గడవదు.

నాకు సీటు వచ్చింది. వంతెనల చదువు, విదేశంలో, రెండేళ్ళు. ఫీజు అక్కర్లేదన్నారు. గదికీ తిండికీ నాన్న పూచీ ఉంటే చాలట.

నేను ఇక్కడ చేసే పని నీకు తెలుసుగా. నడుముకి తాడు కట్టుకుని వంతెన కిందికి దిగుతాను, సుత్తితో కాంక్రీటు మీద కొడతాను, డొల్లగా మోగిన చోట సుద్దతో గుండ్రంగా గీస్తాను. ఎక్కడ డొల్లో చెప్పగలను గానీ, ఆ వంతెన ఇంకా ఎన్నాళ్ళు బస్సుల్ని మోస్తుందో చెప్పలేను. మా పెద్ద ఇంజనీరు కూడా గడ్డం గోక్కుని ఓ అంకె చెబుతాడు. అది గోక్కోకుండా చెప్పే విద్య అక్కడ నేర్పుతారు. నాకు ఆ విద్య కావాలి అత్తా. ఇంతకుముందు ఏదీ ఇంతగా కావాలనుకోలేదు.

క్లాసులు సెప్టెంబరులో మొదలు. ఆలోగా వీసా రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ అడిగినా ఇవ్వరు. నేనేమో రేపటి నుంచి నది దగ్గర శిబిరంలో ఉంటాను. ఉత్తరాలు మాత్రం ఆఫీసు జీపు తెస్తుంది. కాగితాలన్నీ మన ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి నాన్న చేత పూచీకత్తు రాయించి, నా సర్టిఫికెట్లు కలిపి, పైన నా తరఫున ఒక అర్జీ పెట్టి వీసా ఆఫీసుకి రిజిస్టరు పోస్టు చెయ్యి. సంతకం చేసిన తెల్లకాగితం జత చేస్తున్నాను. నాలుగు ముక్కలు చాలు. ఫోన్ నంబరు అడిగిన చోట జిరాక్స్ కొట్టుదే రాసెయ్. ఆ ఫోన్‌లో నీకు చెబుదామనుకున్నాను గానీ, నువ్వు ఫోన్‌లో అరుస్తావే తప్ప వినవు.

నీ కోడలుపిల్ల

*

ఏప్రిల్ 15

బంగారు తల్లీ,

నీ నోట్లో చక్కెర పొయ్య. ఎంత మాట రాశావే. జిరాక్స్ ఆయనకి నేనేం చెప్పలేదు, ఉత్తరమే ఇచ్చి చదువుకోమన్నాను. ఆయన సంతోషం పట్టలేక ఒకావిడ ఇంటి దస్తావేజు ఇటుదటు చేసి ఆరు కాపీలు లాగాడు.

ఇంట్లో సంగతులు. మీ అమ్మ విన్న దగ్గర్నుంచీ నీ పాత దుప్పట్లు ఎండలో వేసి తీస్తోంది. అక్కడ దుప్పట్లు దొరకవా అంటే "దొరికినా మనవి కావుగా" అంటుంది. మీ నాన్న ఏం మాట్లాడలేదు. కారు నేర్చుకోవడానికి వచ్చినావిడ బ్రేకు బదులు ఇంకోటి తొక్కినా పల్లెత్తు మాట అనలేదు. అదీ మా తమ్ముడి సంతోషం.

ఇక అర్జీ. నాలుగు ముక్కలు చాలంటావా? మీ మామయ్య పోయాక ఈ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో, ఆయన అర్జీలు రాసిన టేబులు ముందు కూర్చున్నప్పుడు నాకు టైపు కొట్టడం కూడా సరిగ్గా రాదు. ఇవాళ లోపల ఏ గుమాస్తానైనా అడుగు, నా చేతి మీదుగా వెళ్ళిన అర్జీ వట్టి చేతులతో తిరిగొచ్చిందేమో. రాయి కూడా కరగాలి. నీది రాయడానికి రెండు పూటలు పట్టింది. చివరి పేరా కొడుతుంటే నాకే కళ్ళనీళ్ళు తిరిగాయి. జిరాక్స్ ఆయన అద్దాలు తుడుచుకున్నాడు.

రిజిస్టరు పోస్టు చేశాను. నువ్వు నిశ్చింతగా నీ సుత్తి కొట్టుకో. తాడు మాత్రం రెండు ముడులు వేసుకో.

మీ అత్త

*

జూన్ 2

అత్తా,

నిన్న వీసా ఆఫీసులో ఇంటర్వ్యూ అయింది. ఎలా జరిగిందో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను.

పొడవాటి గది, గోడ పొడుగునా అద్దాల కిటికీలు. నా కిటికీ వెనక ఒక విదేశీ అధికారి. మన భాష చక్కగా వచ్చు, కానీ పుస్తకాల్లో నేర్చుకున్నాడేమో, అచ్చులో ఉన్నట్టే మాట్లాడతాడు. నా కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీ తండ్రిగారు ఎప్పుడు మరణించినారు?"

"మా నాన్నగారు బాగానే ఉన్నారండీ."

ఆయన అర్జీని అద్దానికి ఆనించాడు. నేను చదివాను. "తండ్రి అకాల మరణం చెందగా, తల్లి తీరని వ్యాధితో మంచాన పడగా, తలదాచుకొన గూడు లేక, నా అన్నవారు లేక, ఈ దేశమున ఇక బ్రతుకుదెరువు కానరాక, తమరు తప్ప వేరే దిక్కు లేదని..." కింద నా సంతకం. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత నాన్న పూచీకత్తు తీశాడు. నీలం సిరా ఇంకా నిగనిగలాడుతోంది.

"మరణించిన వ్యక్తి మీ ఖర్చులన్నియు భరించెదనని సంతకము చేసినారు. ఏ విధముగా?"

ఏం చెప్పను? మా మేనత్త పొరపాటున చంపేసిందండీ అన్నాను. అది కూడా రాసుకున్నాడు.

"పోనిండు. ఇచ్చట మీకు ఇల్లు లేదు, మనుషులు లేరు, బ్రతుకుదెరువు లేదు అని మీరే వ్రాసినారు. చదువు పిదప మీరు తిరిగి వచ్చుటకు కారణమేమి?"

అసలు వాళ్ళకి కావలసింది అదే అత్తా. చదువుకోవడానికి వచ్చినవాళ్ళు చదువయ్యాక ఇంటికి వెళ్ళిపోతారన్న నమ్మకం. నువ్వేమో నాకు వెళ్ళడానికి ఇల్లే లేకుండా చేశావు. కాదన్నారు. ఇంకొక్కసారి దరఖాస్తు పెట్టుకోవచ్చట. ఈసారీ కాదంటే ఈ ఏటికి అంతే, అంటే నా సీటుకి అంతే.

మంచాన పడ్డ మా అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
తండ్రి లేని పిల్ల

*

జూన్ 9

ఒసే కోడలా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు సయించింది, ఎందుకంటే ఆలోచిస్తే తప్పు నాది కాదనిపించింది.

నువ్వే చెప్పు. అర్జీ అంటే ఏమిటి? ఇవ్వనివాడి చేత ఇప్పించడం. "నాకు తండ్రి ఉన్నాడు, తల్లి ఉంది, ఇల్లుంది, ఉద్యోగముంది, అయినా నాకింకా కావాలి" అని రాస్తే ఎవడిస్తాడే? నేను కూర్చున్న వరండాలో అలా రాస్తే లోపల గుమాస్తా ఆ కాగితంతో విసురుకుంటాడు. ఇన్నేళ్ళలో నా అర్జీల్లో బతికున్న తండ్రి ఒక్కడు లేడు. భర్తలంతా ఇల్లు వదిలి పారిపోయారు, తల్లులంతా మంచాల మీదే. వాళ్ళలో సగం మంది నా పక్కనే కూర్చుని, నేను కొడుతుంటే తలకాయలు ఊపేవాళ్ళు. గుమాస్తాలకీ తెలుసు. అది అబద్ధం కాదు, అర్జీ రాసే పద్ధతి. ఈ అద్దం వెనకాయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

తలనొప్పల్లా మీ నాన్నతో. నకలు తీసినప్పుడు జిరాక్స్ ఆయన దగ్గర ఒక కాపీ మిగిలిందట. అది ఎవరో చదివారు. మర్నాడు కారు నేర్చుకోవడానికి కొత్తగా డబ్బు కట్టినవాళ్ళిద్దరు ఏడుపు మొహాలు వేసుకుని వచ్చి "మాస్టారు పోయారట, మా క్లాసులు ఇక ఎవరు చెబుతారు" అని మీ నాన్ననే అడిగారు. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. కంచం దగ్గర ఉప్పు కావాలన్నా మీ అమ్మతో "పోయినవాడికి ఉప్పు అందించమను" అంటున్నాడు.

అయితే ఇప్పుడు నాకు విషయం తెలిసింది. వాళ్ళకి ఏడుపు అక్కర్లేదు, వైభవం కావాలి. తిరిగి రావడానికి కారణాలు కావాలి. అదెంత పని? నువ్వు దిగులు పడకు. చెడగొట్టిన చేత్తోనే సర్దుతాను.

మీ అత్త

*

జూన్ 14

అత్తా,

వద్దు. సర్దకు. నీకు దణ్ణం పెడతాను.

శిబిరం నుంచి సెలవు పెట్టి వీసా ఆఫీసున్న ఊరికి వచ్చాను. నా అర్జీ నేనే రాసుకున్నాను. నాన్న ఉన్నారని, అమ్మ ఆరోగ్యంగా ఉందని, మన ఇల్లు మనదేనని, నా ఉద్యోగం రెండేళ్ళు అట్టిపెడతామని మా ఆఫీసు రాసిచ్చిందని. మొదటి అర్జీ చదవకుండా రాయించుకున్నానని, సంతకం చేసిన ఖాళీ కాగితం ఇవ్వడం నా తప్పని కూడా రాశాను. చదువుతుంటే ఉప్పు లేని పప్పులా ఉంది, నీకస్సలు నచ్చదు. అందుకే బాగుందని నమ్మకం.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఏమీ పంపకు. నువ్వు మంచి మనసుతోనే చేస్తావు, కానీ మంచి మనసుకి ఒక టైపు మిషను తోడైతే ఏమవుతుందో చూశాంగా.

నాన్నకి నేను వేరే ఉత్తరం రాశాను. "నా ఏకైక జీవించి ఉన్న తండ్రికి" అని మొదలుపెట్టాను. నవ్వారా?

నీ కోడలుపిల్ల

*

జూన్ 20

తల్లీ,

నవ్వాడు. నవ్వి, నాతో కాకుండా గోడతో "బాగా రాసింది" అన్నాడు. గోడ నాకు చెప్పింది.

నీ ఉత్తరం నిన్న అందింది. ఏమీ పంపొద్దన్నావు. ఆ మాట కాస్త ముందు రావలసింది. పంపి అప్పటికే వారం దాటింది.

కంగారు పడకు. ఈసారి నీ సంతకంతో కాదు. నా పేరుతో, మేనత్త హోదాలో, అనుబంధ అర్జీ. ఒక్క ప్రాణం కూడా తీయలేదు. తండ్రి మరణించినట్లు పడింది టైపు పొరపాటని మొదటి వాక్యంలోనే తేల్చేశాను. మీ నాన్న ఆయురారోగ్యాలతో ఉన్నాడన్నాను. ఇల్లు మూడంతస్తులన్నాను. మెట్లగది, నీళ్ళ ట్యాంకు కలిపితే మూడే కదా. వెనక తోట అన్నాను. మీ అమ్మ కుండీల గురించి.

ఇక తిరిగి రావడానికి కారణం. ఇల్లూ తోటా చూసి ఎవరైనా తిరిగొస్తారా అని నాకే అనుమానం వచ్చింది. అందుకని నీకు ఒక మనిషిని కుదిర్చాను. పశువుల డాక్టరు. పొడగరి, మితభాషి, కాఫీలో చక్కెర వేసుకోడు. నువ్వు చదువు ముగించి రాగానే పెళ్ళి. ఈ రెండేళ్ళూ నీకోసం ఎదురుచూస్తానని ఆవుల ఆసుపత్రి గుమ్మంలో నిలబడి మాటిచ్చాడు. ఆ పేరా కొడుతున్నంతసేపూ నాకే అనిపించింది, ఇలాంటివాడు నిజంగా దొరికితే ఎంత బాగుండునో అని. జిరాక్స్ ఆయన "అబ్బాయిది ఏ ఊరు" అని అడిగాడు.

తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ అబ్బాయి గురించి రాసింది ఒక్కసారి చదువు. నకలు జత చేశాను.

మీ అత్త

*

జూలై 1

అత్తా,

వీసా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆగస్టు మొదటి వారంలో ఆఖరి ఇంటర్వ్యూ. వచ్చేటప్పుడు "మీకు కాబోవు భర్త అగు పశువైద్యుని నుండి ధ్రువీకరణ పత్రము" తీసుకురావాలట. తీసుకెళ్ళకపోతే ఏమవుతుందో రాయలేదు, రాయక్కర్లేదు కూడా.

అన్నీ నిజాలే రాసిన నా అర్జీ పక్కన ఇప్పుడు నీ తోట, నీ మూడంతస్తులు, నీ మితభాషి ఉన్నాయి. రెండూ కలిపి చదివినవాడు నన్ను ఎలా నమ్ముతాడు? నేను నిజం చెప్పినా, అది కూడా ఒక కొత్త కథ అనుకుంటాడు.

నాలుగు రోజులుగా ఒక మాట నోటిదాకా వచ్చి ఆగుతోంది. దాచుకుంటే పుండవుతుంది, అందుకని రాసేస్తున్నాను. నువ్వు అంత తెలివితక్కువదానివి కాదు అత్తా. వరండాలో అందరూ నీ తెలివి గురించే చెప్పుకుంటారు. మొదటిసారి పొరపాటు అనుకున్నాను. రెండోసారి నన్ను ఒక్క మాట అడక్కుండా ఎందుకు పంపావు? నేను వెళ్ళడం నీకు ఇష్టం లేదు. అదే కదా? చెడగొట్టాలనే చెడగొట్టావు. ఆ మాట మొహం మీద చెబితే సరిపోయేదిగా. నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇలా నవ్వించి నవ్వించి గొంతు కోయడం ఎందుకు?

నకలు చదవలేదు. చించేశాను.

*

జూలై 8

అమ్మాయీ,

నీ ఉత్తరం వరండాలో చదవలేదు. జిరాక్స్ ఆయన అడిగితే ఇంటి విషయం అన్నాను. ఇంటికి తెచ్చుకుని మేడ మీద మెట్లగదిలో చదివాను. మీ నాన్న అన్నానికి పిలిచాడు, నన్నే పిలిచాడు, గోడని కాదు. నా మొహం చూసి ఉంటాడు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆ మాట నిజం. నువ్వు వంతెనల ఉద్యోగానికని ఇల్లు వదిలిన రోజు నుంచే ఇష్టం లేదు. నడక రానప్పుడు నిన్ను నా టేబులు కింద గోనెపట్టా మీద కూర్చోబెట్టుకుని టైపు కొట్టేదాన్ని. కాలి బొటనవేలు పట్టుకుని ఆడుకునేదానివి. ఇప్పటికీ టైపు కొట్టేటప్పుడు కాలు కదపకుండా కూర్చుంటాను, అలవాటు పోలేదు. అలాంటి పిల్ల సముద్రాలు దాటి వెళ్తానంటే ఇష్టమెలా ఉంటుంది? ఇష్టమని ఎవరైనా చెబితే వాళ్ళు నాకంటే పెద్ద అర్జీలు రాసేవాళ్ళు.

కానీ చెడగొట్టడానికి రాశానన్నావే, అది మాత్రం పడలేను. ఇష్టం లేకపోయినా నా చేతికి వచ్చిన కాగితాన్ని గెలిపించాలనే రాశాను. నాకు గిట్టనివాళ్ళకి కూడా అలాగే రాశాను, నీకు రాయనా? నాకు తెలిసిన విద్య అదొక్కటే, అది అక్కడ పనికిరాలేదు. తెలివి ఉందన్నావు. నిజమే, అన్ని తాళాలకీ ఒకటే తాళంచెవి వేసి తిప్పే తెలివి. ఎంత బలంగా తిప్పితే అంత విరుగుతుందని తెలియలేదు.

ఇప్పుడు చేయగలిగింది ఒకటే ఉంది. వీసా ఆఫీసుకి రెండు వాక్యాలు రాసి పంపాను, టైపు కొట్టలేదు, చేత్తో రాశాను. "నా అనుబంధ అర్జీలోని పశువుల డాక్టరు లేడు. తక్కినవాటికి నా మేనకోడలు రాసిందే నిజం." అంతే. ఇంకో ముక్క చేర్చాలని చెయ్యి దురద పుట్టింది. కలం మూత పెట్టేశాను. ఇక మీదట నీ విషయంలో నా నోటి నుంచి, చేతి నుంచి ఒక్క అబద్ధం రాదు. మీ నాన్న మీద ఒట్టు పెడదామనుకున్నాను గానీ, వాడే వద్దు, ఈ మధ్యే బతికాను అన్నాడు.

నువ్వు వెళ్ళాలి. నాకు ఇష్టం లేకపోవడం వేరు, నువ్వు ఆగిపోవడం వేరు.

అత్త

*

ఆగస్టు 4

అత్తా,

ముందు క్షమించు. ఆ ఉత్తరం నేను రాయకుండా ఉండవలసింది. రాశాక పోస్టు పెట్టె దగ్గర కాసేపు నిలబడ్డాను, అయినా వేశాను. నీ జవాబు వంతెన కింద ఊయల తొట్టిలో కూర్చుని చదివాను. పైన మావాళ్ళు తాడు లాగి "బతికే ఉన్నావా" అని అరిచేదాకా పని మొదలుపెట్టలేదు.

ఇప్పుడు విను. ఇవాళ ఇంటర్వ్యూ అయింది.

అదే కిటికీ, అదే ఆయన. నా కాగితాలు ఈసారి లావెక్కాయి. వరసగా పేర్చుకున్నాడు: నీ మొదటి అర్జీ, నా అర్జీ, నీ అనుబంధం, నీ చేతిరాత చీటీ. చీటీని అటూ ఇటూ తిప్పి, "పశువైద్యుడు లేడు" అని పైకి చదివాడు. కొంచెం నిరుత్సాహపడ్డట్టు అనిపించింది.

"మీ మేనత్తగారు ఇప్పుడు ఎచ్చట ఉందురు?"

రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో అన్నాను. అర్జీలో ఉన్న నంబరు చూపించి, ఇది ఆమెదేనా అన్నాడు. పక్క జిరాక్స్ కొట్టుది అన్నాను. ఫోను దగ్గరికి లాక్కుని నంబరు తిప్పాడు. నిన్నెవరో ఫోన్‌లో పిలిస్తే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. అరుస్తావు. అరిచి, పశువుల డాక్టర్ని మళ్ళీ పుట్టిస్తావు.

అద్దం వల్ల నీ మాట ఒక్కటీ వినపడలేదు. ఆయన మాటలు మాత్రం కిటికీ కింద కంత లోంచి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఆయన మొదట "అమ్మా, మీరు అర్జీలు వ్రాయు స్త్రీయేనా" అన్నాడు. తర్వాత ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు, అంటే నువ్వు అరుస్తున్నావు. తర్వాత మళ్ళీ దగ్గరికి పెట్టుకుని, ఎందుకో నవ్వాడు. "మరి ఆమె తిరిగి వచ్చునా" అన్నాడు. "మీరు ఆమెను పెంచినారు కదా" అన్నాడు. తర్వాత తనే జవాబు చెబుతున్నట్టుగా "మూడు సంవత్సరములు" అన్నాడు. "ఉన్నారు" అన్నాడు. అప్పుడు, పుస్తకం భాష ఎక్కడో పడిపోయినట్టు, "వెళ్ళాలనే ఉంటుందమ్మా" అన్నాడు. "సరేనమ్మా" అని ఫోను పెట్టేసి కళ్ళద్దాలు తీసి టేబులు మీద పెట్టాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. నీళ్ళు తాగాడు. మా ఆఫీసు ఇచ్చిన ఉద్యోగం కాగితం మళ్ళీ ఒకసారి చదివాడు. మన దేశంలో వంతెనలకి పగుళ్ళు ఎక్కువా అని అడిగాడు. వెతికితే అన్నిచోట్లా ఉంటాయండీ, వెతకడం ఎక్కడ ఎక్కువన్నదే తేడా అన్నాను. తల ఊపి ముద్ర వేశాడు.

వచ్చింది అత్తా. వీసా వచ్చింది. నేను వెళ్తున్నాను.

బయటికొచ్చాక గేటు పక్క గోడకి ఆనుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సంతోషం ఒక పక్క, నువ్వేం చెప్పావో తెలియక పిచ్చి ఒక పక్క. ఆయన్ని ఏం చేశావు? చంపలేదు కదా ఎవర్నీ? ఉన్నదున్నట్టు రాయి.

నీ కోడలుపిల్ల

*

ఆగస్టు 9

నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికే, నాకొచ్చిన ఫోనుని బట్టి ఇంట్లో అందరికీ సగం తెలుసు. మీ నాన్న కారు మీద ఉన్న నేర్చుకునేవాళ్ళ పలక తీసేసి, నన్ను ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక మాత్రం "అక్కా, బాగా చేశావు" అన్నాడు. ఇన్నాళ్ళకి అక్కా అన్నాడు.

ఏం చెప్పానో అడిగావు కదా. ఉన్నదున్నట్టు చెబుతాను.

జిరాక్స్ ఆయన కొట్లోంచి పరిగెత్తుకొచ్చి "మీకు వీసా ఆఫీసు నుంచి ఫోను" అని కేకేశాడు. నా ముందు కూర్చున్న ముసలాయన తన అర్జీ సగంలో వదిలి నా వెనకే వచ్చాడు. గుమాస్తాలు కిటికీలోంచి తలలు పెట్టారు. ఫోను అందుకుని అరిచిన మాట నిజమే. నీ అద్దం ఆయన మీరు వ్రాయు స్త్రీయేనా అన్నాడు, అవునన్నాను. అమ్మాయి తండ్రి జీవించి ఉన్నారా అన్నాడు. ఉన్నాడు, ఇప్పుడే గేరు మార్చడం రాని ఒకావిడతో ఈ వీధిలోనే పోయాడు, ఎంతసేపు ఉంటాడో ఆవిడ చేతిలో ఉంది అన్నాను. పశువైద్యుడో అన్నాడు. లేడు నాయనా, నేనే పుట్టించాను, మనిషి మాత్రం మంచివాడు అన్నాను. అక్కడ నవ్వాడు.

తర్వాత అడిగాడు, ఆమె తిరిగి వచ్చునా అని.

అప్పుడు నాకు ఏమైందో చెప్పనా? ఇన్నేళ్ళుగా టైపు కొట్టిన వాక్యం దానంతట అదే నాలుక చివరికి వచ్చేసింది. ముసలి మేనత్తకి ఈ పిల్ల తప్ప వేరే దిక్కు లేదు. కొన్ని వేలసార్లు కొట్టి ఉంటాను ఆ మాట, ఎవరెవరికో. ఎప్పుడూ అది పద్ధతిగా రాసే మాట. ఈసారి నోట్లోకి వచ్చాక తెలిసింది, అది అబద్ధం కాదని. ఫోను తీగ వేలికి చుట్టుకున్నాను. జిరాక్స్ ఆయన నీళ్ళు ఇవ్వబోయాడు, వద్దన్నాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు. చెబితే నువ్వు తిరిగొస్తావని ఆయన నమ్మేవాడే. కానీ ఆ మాట ఇక మీద నీ మెడకి తగిలించి ఉండేది. నువ్వు అక్కడ హాయిగా చదువుకోవాలి.

అందుకని, నాకు తెలియదు నాయనా అన్నాను.

ఆయన ఊరుకోలేదు. మీరు ఆమెను పెంచినారు కదా, మీకు తెలియక ఎవరికి తెలియును అన్నాడు. అప్పుడు నాకు కాస్త ఒళ్ళు మండింది. నేనే అడిగాను, నువ్వు మీ ఇంటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది అని. మూడేళ్ళు అన్నాడు. మీ అమ్మ ఉందా అన్నాను. ఉన్నారు అన్నాడు. వెళ్ళాలని లేదా అన్నాను. "వెళ్ళాలనే ఉంటుందమ్మా" అన్నాడు.

"మా పిల్లకీ అంతే నాయనా" అన్నాను. "రావాలనే ఉంటుంది దానికి. అంతకుమించి నేను రాసివ్వలేను. మీ అమ్మ కూడా రాసివ్వలేకపోయింది, అయినా నిన్ను పంపింది కదా."

ఫోను పెట్టేసే ముందు సరేనమ్మా అన్నాడు. నేను కొట్లోనే స్టూలు మీద కూర్చుని అందరి ముందూ ఏడ్చాను. జిరాక్స్ ఆయన మిషను ఆపేసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ముసలాయన తన అర్జీ రేపు రాయించుకుంటాలే అని వెళ్ళిపోయాడు.

బయలుదేరే ముందు నాలుగు రోజులు ఉండేలా రా. వీడుకోలప్పుడు నవ్వుతూ పంపుతానని మీ అమ్మ అందరికీ చెబుతోంది. నేను అలా చెప్పను. నీ విషయంలో అబద్ధం ఆడనని మాటిచ్చాను. నేను ఏడుస్తాను. నువ్వు ఆగకుండా బండి ఎక్కు.

మీ అత్త